సోలార్ ఇంత పెరుగుతుంటే ఇంకా గ్యాస్ బావులు ఎందుకు? కోనసీమ నుంచి అడుగుతున్నా

కొబ్బరితోట:
అందరికీ నమస్తే అండి. మాది మామిడికుదురు వైపు. మా దగ్గర ఇంకొన్ని గ్యాస్ బావులు తవ్వుతారట, దానికి ప్రజాభిప్రాయ సేకరణ పెడతారని ఊళ్లో అనుకుంటున్నారు. 1995 జనవరిలో పాసర్లపూడి గ్యాస్ బావి బ్లో అవుట్ అయినప్పుడు, అంటే గ్యాస్ అదుపు తప్పి ఎగదన్ని అంటుకున్నప్పుడు, నాకు తొమ్మిదేళ్లు. 65 రోజులు మండింది. రాత్రిపూట మా పెరట్లో దీపం అక్కర్లేనంత వెలుగుండేది, మా నాన్నమ్మ మాత్రం నిద్రపోయేది కాదు. తర్వాత 2014 జూన్‌లో నగరం అనే ఊళ్లో తెల్లవారుజామున పైప్‌లైన్ పేలి 20 మందికి పైగా పోయారు. అలాంటి చోట ఉండేవాణ్ణి, నాకు గ్యాస్ అంటే ముందు గుర్తొచ్చేది మంటే.

ఇప్పుడేమో గ్యాస్ బొగ్గు కంటే శుభ్రం, కాలుష్యం తగ్గాలంటే ఇదే దారి అంటున్నారు. దేశం వాడే మొత్తం ఇంధనంలో గ్యాస్ వాటా ఆరు శాతం దగ్గరుంది, 2030కి 15 శాతానికి తేవాలని కేంద్రం లక్ష్యం పెట్టుకుంది. మరి సోలార్ ఇంత చవకయ్యాక ఇది నిజంగా అవసరమేనా? తెలిసినవాళ్లు చెప్పండి. సభలో మాట్లాడాలనుకుంటున్నాను, ఏదో ఒకటి మాట్లాడి రావడం నాకు ఇష్టం లేదు.

టర్బైన్ ఆపరేటర్:
అన్నా, రాజమండ్రి దగ్గర ఒక గ్యాస్ ప్లాంట్‌లో చాలా ఏళ్లు పనిచేశాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. బొగ్గు ప్లాంట్‌లో ఒక యూనిట్ కరెంటుకి దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గ్యాస్‌తో కంబైన్డ్ సైకిల్‌లో, అంటే టర్బైన్ నుంచి వచ్చే వేడి పొగతోనే ఆవిరి చేసి రెండో టర్బైన్ కూడా తిప్పితే, 400 నుంచి 450 గ్రాములు. బూడిద ఉండదు, బూడిద చెరువు ఉండదు. ఇంతవరకు వాళ్లు చెప్పేది నిజమే.

కానీ మా ప్లాంట్‌కి ఏమైందో కూడా చూడాలి. కేజీ-డీ6, అంటే కృష్ణా-గోదావరి తీరంలో సముద్రం కింద ఉన్న గ్యాస్, 2002లో దొరికింది, 2009 ఏప్రిల్‌లో రావడం మొదలైంది, రోజుకి 80 మిలియన్ ఘనపు మీటర్లు వస్తుందన్న అంచనాతో గోదావరి జిల్లాల్లో, కొండపల్లిలో ప్లాంట్లు కట్టుకుంటూ పోయారు. 2010లో 60 దాకా వెళ్లింది, అక్కణ్ణుంచి పడిపోతూనే వచ్చింది. ఉన్న కాస్త గ్యాస్‌ని ఎరువులకీ, వంటగ్యాస్‌కీ ముందు ఇవ్వాలన్నారు, అది సరైన నిర్ణయమే, కానీ 2013 వచ్చేసరికి కరెంటు ప్లాంట్లకి ఆ గ్యాస్ దాదాపు ఆగిపోయింది. కొన్ని ప్లాంట్లు కట్టడం పూర్తయినా తిరగలేదు. కొత్త టర్బైన్‌కి తుప్పు పట్టకుండా కాపలా కాయడమే డ్యూటీగా కొన్ని నెలలు గడిపాను నేను, నాతో చేరిన కుర్రాళ్లు ఒక్కొక్కరే గల్ఫ్ వెళ్లిపోయారు. ఇప్పుడు సముద్రంలో కొత్త బావుల వల్ల 2020 డిసెంబర్ నుంచి ఉత్పత్తి మళ్లీ పెరిగింది, అయినా మా ప్లాంట్లకి అందేది తక్కువే.

బయటి దేశాల నుంచి ద్రవంగా మార్చి ఓడల్లో తెచ్చే గ్యాస్, అంటే ఎల్‌ఎన్‌జీతో నడపొచ్చు కదా అంటారు. ఎంఎంబీటీయూ (గ్యాస్‌ని అది ఇచ్చే వేడిని బట్టి అమ్మే కొలత) 12 డాలర్లనుకుంటే ఒక యూనిట్‌కి గ్యాస్ ఖర్చే దాదాపు ఏడు రూపాయలు, పన్నులూ రవాణా వేరే. మధ్యాహ్నం రెండున్నర, మూడు రూపాయలకి సోలార్ వస్తుంటే ఏ డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) కొంటుంది? కాబట్టి పగలంతా గ్యాస్‌తో కరెంటు చేయాలనే ఆలోచన ఇక మన దేశంలో నడవదు, నా నమ్మకం అది.

పనికొచ్చేది సాయంత్రం. ఆరున్నరకి సోలార్ పోతుంది, అప్పుడే ఇళ్లల్లో ఏసీలు ఆన్ అవుతాయి. బొగ్గు ప్లాంట్‌ని అంత వేగంగా పైకి తేలేం, సగానికి దించి నడిపితేనే బాయిలర్ ట్యూబులు దెబ్బతింటాయి. గ్యాస్ టర్బైన్ ఒక్కటే అయితే అరగంటలో లోడ్ మీదకి వస్తుంది. 2024 మే, జూన్‌లలో ఎండలకి డిమాండ్ పెరుగుతుందని కేంద్రం విద్యుత్ చట్టం సెక్షన్ 11 కింద గ్యాస్ ప్లాంట్లన్నీ సిద్ధంగా ఉండాలని ఆర్డర్ ఇచ్చింది. మే 30న దేశం డిమాండ్ 250 గిగావాట్లు తాకింది.

మీథేన్ లెక్కలు:
పైన చెప్పినదానికి ఒకటి కలపాలి. టర్బైన్ ఒక్కటే తిప్పితే, అంటే ఆవిరి భాగం లేకుండా, సామర్థ్యం 35 శాతం దగ్గరకి పడిపోతుంది, అప్పుడు యూనిట్‌కి 550 నుంచి 600 గ్రాములు. బొగ్గులో సగం అనే మాట అక్కడ చెల్లదు.

అసలు సమస్య కాలకముందు ఉంది. సహజ వాయువంటే ముఖ్యంగా మీథేన్, అది కాలకుండా గాల్లోకి పోతే 20 ఏళ్ల లెక్కలో కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకి పైగా వేడి చేస్తుంది. బావి నుంచి ప్లాంట్ దాకా దారిలో మూడు శాతం దగ్గర లీకైతే చాలు, బొగ్గు మీద గ్యాస్‌కున్న మేలు ఆ 20 ఏళ్లలో పోయినట్టే. అమెరికాలో 2018లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం అక్కడి లీకేజీ 2.3 శాతమని తేల్చింది, అది ప్రభుత్వం చెప్పే లెక్క కంటే 60 శాతం ఎక్కువ. కాగితం మీద లెక్కకట్టడం వేరు, బావి దగ్గరకెళ్లి కొలవడం వేరు.

పెద్దపల్లి రైతు:
కరెంటు గురించే మాట్లాడుతున్నరు, యూరియా సంగతి కూడా చూడండి. రామగుండంల పాత ఎరువుల ఫ్యాక్టరీ బొగ్గుతోని నడిచేది, 1999ల మూసిండ్రు. మా బాపు అందుల్నే పనిచేసిండు. అదే జాగల గ్యాస్‌తోని నడిచే కొత్త ప్లాంట్ పెట్టి 2021ల మొదలువెట్టిండ్రు, ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా కెపాసిటీ. దానికి గ్యాస్ మల్లవరం దిక్కు నుంచి, అంటే మీ గోదావరి జిల్లా నుంచే పైప్‌లైన్ల వస్తది. నాటుకు యూరియా దొరక్క చెప్పులు లైన్ల పెట్టి నిలవడ్డోళ్లం, మాకు ఆ గ్యాస్ విలువ తెలుసు.

మీథేన్ లెక్కలు:
మంచి మాట చెప్పారు. యూరియాలో గ్యాస్‌ని వదిలించుకోవడం కరెంటు కంటే కష్టం. గ్యాస్‌ని ఆవిరితో కలిపి హైడ్రోజన్ తీస్తారు, దాంతో అమ్మోనియా, ఆ పనిలోనే వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ని అమ్మోనియాకి కలిపితే యూరియా. సోలార్ కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసి గ్రీన్ అమ్మోనియా చేయొచ్చు, కానీ అందులో కార్బన్ ఉండదు, యూరియా కావాలంటే దాన్ని వేరే చోట నుంచి తేవాలి. అందుకే ఉన్న గ్యాస్ ముందు ఎరువుకి పోవాలంటాను.

కొబ్బరితోట:
ఇంత వివరంగా చెప్పినందుకు చాలా థాంక్స్ అండి. రామగుండం అన్న చెప్పింది నేనెప్పుడూ ఆలోచించలేదు. ఒక డౌట్. సాయంత్రం పూటకి బ్యాటరీలు వచ్చేస్తే గ్యాస్ ఆ పనికి కూడా అక్కర్లేదు కదా?

టర్బైన్ ఆపరేటర్:
రెండు, నాలుగు గంటల పనికి బ్యాటరీ గెలుస్తుంది, 2022తో పోలిస్తే టెండర్ల రేట్లు సగానికంటే కిందికి వచ్చాయి. శ్రీశైలం ఎడమగట్టులో 900 మెగావాట్ల రివర్సిబుల్ టర్బైన్లున్నాయి, కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడుకుని అవసరమైనప్పుడు వదలొచ్చు. పిన్నాపురంలో 1,680 మెగావాట్లది అదే పద్ధతి. కానీ వర్షాకాలంలో నాలుగైదు రోజులు మబ్బు పట్టి, గాలి కూడా ఆగిపోతే బ్యాటరీ నింపడానికే ఏమీ ఉండదు. ఆ రోజులకి కట్టి ఉన్న ప్లాంట్లు చాలు, కొత్తవి కట్టొద్దు. ఏడాదికి కొన్ని వందల గంటలు తిరిగినా, సిద్ధంగా ఉన్నందుకు వాటికి డబ్బు ఇవ్వాలి, లేకపోతే నాలాంటి వాళ్లు ఎవరూ అక్కడ మిగలరు.

మీథేన్ లెక్కలు:
సభలో వద్దు అనో, కావాలి అనో చెప్పే ముందు ఇవి అడగండి. ఫ్లేర్‌లో, అంటే బావి దగ్గర గ్యాస్‌ని తగలబెట్టే గొట్టంలో, రోజుకి ఎంత గ్యాస్ కాలుస్తారు? లీకులు ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో ఎన్నాళ్లకోసారి చూస్తారు, ఆ రిపోర్ట్ పంచాయతీకి ఇస్తారా? పాత పైపులు వేసి ఎన్నేళ్లయింది, లోపల పిగ్ (పైపులో జరుగుతూ తనిఖీ చేసే పరికరం) పంపి మందం ఎప్పుడు కొలిచారు? నగరంలో జరిగిందానికి మూలం అదే కదా, నీళ్లూ, కండెన్సేటూ (గ్యాస్‌తో పాటు వచ్చే ద్రవ ఇంధనం) కలిసిన గ్యాస్ పంపడంతో పైపు లోపలి నుంచి తుప్పు తినేసింది. ఈ మూడూ రాసి ఇచ్చి, జవాబు మినిట్స్‌లో ఎక్కేదాకా కూర్చోండి.

కొబ్బరితోట:
రాసుకున్నానండి. పైపుల వయసు సంగతి మాత్రం రేపే పంచాయతీలో అడుగుతాను, మా ఇంటి వెనక వెళ్లేది నా పెళ్లికి ముందు వేసింది.