ముందు సగటు, తర్వాత సగటు పోలిస్తే సరిపోతుందా?

నమస్కారమండీ. గుంటూరులో ఎంపీహెచ్ (ప్రజారోగ్యంలో పీజీ) చదువుతున్నాను. ఒక కాలనీలో ప్రతి శుక్రవారం ఆశా అక్కలతో కలిసి ఇంటింటికీ తిరిగి తొట్లలో, కూలర్లలో నిల్వ నీళ్లు పారబోయించాం. అంతకుముందు 30 నెలలవి, తర్వాత 14 నెలలవి జ్వరం కేసుల లెక్కలు ఉన్నాయి.

రెండు సగటులు తీసి టీ-టెస్ట్ (ఆ తేడా నిజమైనదా, యాదృచ్ఛికమా అని చూసే పరీక్ష) చేస్తే చాలంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. కేసులు ముందునుంచే మెల్లగా తగ్గుతున్నాయి. పైగా మన దగ్గర వానలు పడితే జ్వరాలు పెరుగుతాయి, ఎండాకాలం తగ్గుతాయి. ఆ తగ్గుదలంతా మా ఖాతాలో వేసుకోవడం తప్పు కదా!

అందుకే సెగ్మెంటెడ్ రిగ్రెషన్ (ముందు కాలానికో గీత, తర్వాతి కాలానికో గీత వేసి పోల్చే పద్ధతి) వేశాను. మొదలుపెట్టిన నెలలో ఒక్కసారిగా వచ్చిన మార్పు వేరుగా, ఆ తర్వాత వాలులో (నెలనెలా పెరిగే, తగ్గే వేగంలో) మార్పు వేరుగా తెలుస్తాయని. సీజన్ కోసం ఏటా అలలా పెరిగి తగ్గే సైన్, కొసైన్ పదాలు కలిపాను. కానీ పక్కపక్క నెలల మధ్య సంబంధం మిగిలిందేమో చూసే డర్బిన్-వాట్సన్ విలువ 2 కన్నా బాగా తక్కువ వచ్చింది, అంటే ఒక నెల ప్రభావం తర్వాతి నెలకూ అంటుకుంటోంది. అక్కడి నుంచి టెన్షన్‌గా ఉంది. దీనికి న్యూయీ-వెస్ట్ (మోడల్ అలాగే ఉంచి స్టాండర్డ్ ఎర్రర్లను మాత్రం సరిదిద్దేది) సరిపోతుందా, అరిమా (నెలల మధ్య ఆ సంబంధాన్నే మోడల్‌లో పెట్టేది) కావాలా?

ఈ కార్యక్రమం జరగని పక్క కాలనీ లెక్కలూ దొరికాయి. దాన్ని కంట్రోల్‌గా, అంటే పోలిక కోసం, కలపనా? మొత్తం 44 నెలలకు ఇంత మోడల్ బరువెక్కువవుతుందేమో, చేసినవాళ్లు దయచేసి చెప్పండి.