నడుం నొప్పికి వెళ్తే కాళ్ల మీద సుత్తితో ఎందుకు కొడతారు?

గోదారిగట్టు: నాన్నకి నెల నుంచి నడుం నొప్పి, ఎడమ కాల్లోకి లాగుతోంది. నరాల డాక్టరుకి చూపిస్తే మోకాళ్ల కింద, తర్వాత మడమల వెనక రబ్బరు సుత్తితో కొట్టి చూశారు. మోకాళ్లు రెండూ ఎగిరాయి, ఎడమ మడమ దగ్గర కొడితే మాత్రం పాదం కదల్లేదు. అది రాసుకుని ఎమ్మారై చేయించమన్నారు. కాలి మీద కొడితే నడుం సంగతి ఏం తెలుస్తుంది? పాదం ఆయన మామూలుగానే కదుపుతున్నారు కూడా.

ఫిజియో_వరంగల్: కావాలని కదపడం వేరండి, ఇది వేరు. దీనికి మెదడు అనుమతి అక్కర్లేదు. సుత్తి తగలగానే టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టే తాడు లాంటిది) లాగి కండరం కొద్దిగా సాగుతుంది, ఆ సాగుదలని కనిపెట్టే తంతువులు కండరంలోనే ఉంటాయి, వాటి నరం సెకనుకి 80 నుంచి 120 మీటర్ల వేగంతో వెన్నుపాముకి కబురు చేరవేసి, అక్కడ అదే కండరాన్ని నడిపే నరకణానికి నేరుగా అందిస్తుంది. కండరం బిగుసుకుంటుంది. మెదడుకి కబురు వెళ్తుంది గానీ, ఈ కదలిక దాని జవాబు కోసం ఆగదు.

ఇలా తనంతట తాను వచ్చే కదలికనే రిఫ్లెక్స్ అంటారు. నడుం ఎముకలకి పైనుంచి ఎల్1 నుంచి ఎల్5 అని, వాటి కింద ఎముకకి ఎస్1 అని పేర్లు, అక్కడ బయటికొచ్చే నరాలకీ అవే పేర్లు. మోకాలి రిఫ్లెక్స్ ముఖ్యంగా ఎల్3, ఎల్4 నరాలది, మడమది ఎస్1ది. ఎల్5–ఎస్1 ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్ జారితే ఎక్కువగా నలిగేది ఎస్1 నరమే. మీ నాన్నగారికి అక్కడే అనుమానించి ఉంటారు.

సుజాత_ఎన్: షుగర్ ఉందా? షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా, వయసు పైబడినా మడమ రిఫ్లెక్స్ పోతుంది. కాకపోతే అప్పుడు మామూలుగా రెండు కాళ్లకీ పోతుంది.

గోదారిగట్టు: షుగర్ లేదు. రెండు చేతుల వేళ్లు ఒకదాంట్లో ఒకటి తగిలించి గట్టిగా లాగమని మళ్లీ కొట్టారు, అయినా రాలేదు. అది ఎందుకో? అయినా కాలు ఎంత గట్టిగా ఎగిరితే అంత మంచిదనుకోవాలా?

ఫిజియో_వరంగల్: చేతులు లాగితే ధ్యాస కాలి మీంచి పోతుంది, వెన్నుపాములో నరకణాలు కూడా ఇంకాస్త తొందరగా స్పందిస్తాయి, దాగున్న రిఫ్లెక్స్ బయటపడుతుంది. మరీ గట్టిగా ఎగరడం మంచిదేం కాదు. మెదడు నుంచి దిగే నరాలు ఈ రిఫ్లెక్స్‌లని అదుపులో ఉంచుతాయి, మెడ దగ్గరో వీపు దగ్గరో వెన్నుపాము నొక్కుకుంటే ఆ అదుపు తప్పుతుంది. అరికాలు గీకి బొటనవేలు పైకి లేస్తుందా అని చూసేది అందుకే, 1896లో ఫ్రాన్స్ నరాల డాక్టరు బాబిన్‌స్కీ చెప్పిన పరీక్ష అది.

మీ నాన్నగారిది ఆ రకంలా లేదు. ఎదిగినవాళ్లలో వెన్నుపాము ఎల్1, ఎల్2 ఎముకల దగ్గరే అయిపోతుంది, కింద ఉండేది గుర్రం తోకలా జారే నరాల కట్ట. కాకపోతే ఆ కట్ట మొత్తం నలిగితే ప్రమాదం. మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య, కూర్చునే చోట స్పర్శ తగ్గినా ఎమ్మారై తేదీ కోసం చూడకుండా అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

గోదారిగట్టు: అవేవీ లేవు. ఎమ్మారై శుక్రవారం, రిపోర్టు రాగానే ఇక్కడే పెడతాను.