30 వేలలో హోమ్ ల్యాబ్: పాత ర్యాక్ సర్వరా, మినీ పీసీయా?

నాగావళి_నెట్ (శ్రీకాకుళం):
అందరికీ నమస్తే. సీసీఎన్ఏ (సిస్కో నెట్‌వర్కింగ్ పరీక్ష) ప్రాక్టీసు, విండోస్ సర్వర్‌లో యాక్టివ్ డైరెక్టరీ, ఒక పీఎఫ్‌సెన్స్ ఫైర్‌వాల్, రెండు లైనక్స్ వీఎంలు (పీసీ లోపల నడిచే వర్చువల్ పీసీలు). పని ఇంతే. స్విచ్‌తో కలిపి బడ్జెట్ 30 వేలు. విశాఖలో ఒక షాపువాళ్లు డెల్ ఆర్620 సర్వర్ ఇస్తామంటున్నారు, రెండు జియాన్లు, 64 జీబీ ర్యామ్. తెలిసినవాళ్లేమో రీఫర్బిష్డ్ మినీ పీసీ లెనోవో ఎం720క్యూ తీసుకోమంటున్నారు, ఐ5-8500టీ. 64 జీబీ అనేసరికి మనసు సర్వర్ వైపే లాగుతోంది. రూటర్ కింద హాల్లో ఉంది, ల్యాబ్ మేడ మీద. వైఫైతో నడిచిపోతుందా? ఇంట్లో ఇన్వర్టర్ ఉంది.

కోట_జంక్షన్ (విజయనగరం):
సర్వర్ మాట మరిచిపో తమ్ముడూ. ఆర్620 ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లే. అంత సన్నటి డబ్బాలో చిన్న ఫ్యాన్లు గట్టిగా తిరగాలి, ఆ గోలకి పక్క గదిలోనూ నిద్ర పట్టదు. ఏ వీఎం నడవకపోయినా 100 వాట్ల చుట్టూ లాగుతుంది, అంటే నెలకు 72 యూనిట్లు. ఎం720క్యూ ఖాళీగా ఉంటే 10-15 వాట్లు, నెలకు 11 యూనిట్లు దాటదు. ఈపీడీసీఎల్ బిల్లులో యూనిట్లు పెరిగేకొద్దీ స్లాబు రేటూ పెరుగుతుందని వేరే చెప్పాలా?

నీకు 64 జీబీ అక్కర్లేదు. లెక్కేసుకో: డొమైన్ కంట్రోలర్‌కు (యాక్టివ్ డైరెక్టరీ నడిపే సర్వర్) 4, విండోస్ క్లయింటుకు 4, పీఎఫ్‌సెన్స్‌కు 2, లైనక్స్ రెండింటికీ కలిపి 2, వీఎంలన్నిటినీ నడిపే ప్రాక్స్‌మాక్స్‌కు 2. నెట్‌వర్క్ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ ఈవీఈ-ఎన్‌జీ వీఎంకు 8 ఇస్తే, 512 ఎంబీ చొప్పున నాలుగు ఐఓఎస్‌వీ (సిస్కో వర్చువల్) రూటర్లు, 768 ఎంబీ చొప్పున రెండు ఎల్2 స్విచ్‌లు అందులో హాయిగా పడతాయి. మొత్తం 22. 16తో ఊపిరాడదు, 32 చాలు. ఈ మధ్య ర్యామ్ ధరలు మండుతున్నాయి, విడిగా కొనే బదులు ర్యామ్‌తో పాటే వచ్చే పీసీ చూసుకో. ఇందులో పట్టేది ల్యాప్‌టాప్ రకం డీడీఆర్4, రెండు స్లాట్లు.

డబ్బు ఇచ్చే ముందు బయోస్‌లోకి వెళ్లి చూడు. సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే వీఎంలకు కావలసిన వీటీ-ఎక్స్, వీటీ-డీ సెట్టింగులు మార్చలేవు, అలాంటిది ఉచితంగా ఇచ్చినా వద్దు. పాత ఎస్ఎస్‌డీని నమ్మొద్దు, 500 జీబీ కొత్త ఎన్‌వీఎంఈ వేసుకో. ఒక్క డిస్కే కాబట్టి జెడ్ఎఫ్ఎస్ జోలికి పోకుండా ఎల్‌వీఎం-థిన్ స్టోరేజీతోనే ప్రాక్స్‌మాక్స్ ఇన్‌స్టాల్ చెయ్యి. థిన్ పూల్ (వీఎం డిస్కులన్నీ పంచుకునే జాగా) నిండితే వీఎంలు ఐఓ ఎర్రర్‌తో ఉన్నచోటే ఆగిపోతాయి. అందుకని ప్రతి వీఎం డిస్కుకూ డిస్కార్డ్ టిక్కు పెట్టు, వీఎంలో చెరిపేసిన జాగా పూల్‌కి తిరిగి వస్తుంది.

వంశధార_వీల్యాన్:
వైఫైతో అవదు. వైఫై క్లయింటు కార్డు తన సొంత మ్యాక్ అడ్రసుతోనే (కార్డు గుర్తింపు నంబరు) ఏపీతో, అంటే వైఫై రూటర్‌తో మాట్లాడుతుంది. బ్రిడ్జి (ప్రాక్స్‌మాక్స్ లోపలి వర్చువల్ స్విచ్) వెనకున్న వీఎంల మ్యాక్‌లను ఏపీ ఒప్పుకోదు. మేడ మీదకి క్యాట్6 లాగించండి. చవకగా దొరికే సీసీఏ కేబుల్ తీసుకోవద్దు, అది రాగి పూత వేసిన అల్యూమినియం. పైకి బాగానే ఉంటుంది గానీ క్రింపింగ్ దగ్గర తీగ విరుగుతుంది. గిగాబిట్‌కు ఎనిమిది తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి నాలుగే చాలు. లింకు 100 దగ్గర ఆగిందంటే నీలం జతో గోధుమ జతో తెగిందని ముందు అనుమానించాలి.

స్విచ్ టీపీ-లింక్ ఎస్‌జీ108ఈ సరిపోతుంది. దాని డిఫాల్ట్ అడ్రస్ 192.168.0.1, చాలా ఇళ్లలో రూటర్‌దీ అదే. ముందు ల్యాప్‌టాప్‌కు విడిగా కలిపి అడ్రస్ మార్చాకే నెట్‌వర్క్‌లో పెట్టండి. ఇంకోటి, ఇందులో వీల్యాన్ (ఒకే స్విచ్‌ను విడి నెట్‌వర్కులుగా చీల్చడం) సభ్యత్వం ఒక పేజీలో, పీవీఐడీ (ట్యాగ్ లేకుండా వచ్చే ఫ్రేములు ఏ వీల్యాన్‌లోకి పోవాలో చెప్పేది) ఇంకో పేజీలో ఉంటాయి. రెండోది మరిచిపోతే యాక్సెస్ పోర్టులోంచి (ఒకే వీల్యాన్‌కు చెందిన పోర్టు) వచ్చిన ఫ్రేములు వీల్యాన్ 1లోకే పోతాయి. కొత్తవాళ్లు గంటలు గంటలు తల పట్టుకునేది ఇక్కడే.

ఆమదాలవలస_రోడ్:
నేనైతే అదే డబ్బుకి ఆరో తరం ఐ5-6500టీ పెట్టెలు రెండు కొనమంటాను. క్లస్టర్ (పెట్టెలను కలిపి నడపడం), మైగ్రేషన్ (వీఎంను ఒకదాన్నుంచి ఇంకోదానికి మార్చడం) కూడా నేర్చుకోవచ్చు కదా?

కోట_జంక్షన్:
నేర్చుకోవచ్చు, కానీ రెండు నోడ్‌ల క్లస్టర్‌లో ఒకటి పడిపోతే రెండోదానికి కోరమ్ (సగానికి మించిన ఓట్లు) ఉండదు. కొత్తగా వీఎం స్టార్ట్ చేయనివ్వదు. మూడో ఓటుకి రాస్ప్‌బెర్రీ పైలో క్యూడివైస్ పెట్టాలి. సీసీఎన్ఏకి ఇవన్నీ ఏటికి? ఆ డబ్బు ర్యామ్ మీద పెట్టడమే మేలు.

నాగావళి_నెట్:
సరే అన్నా, ఎం720క్యూనే. కానీ అందులో ల్యాన్ పోర్టు ఒక్కటే. పీఎఫ్‌సెన్స్‌కు రెండు కావాలి కదా?

వంశధార_వీల్యాన్:
ఒక్కటితోనే అవుతుంది. స్విచ్ పోర్టును ట్రంక్ (ఒకే తీగలో చాలా వీల్యాన్లు పోయేలా) చేసి, ప్రాక్స్‌మాక్స్‌లో వీఎంబీఆర్0 బ్రిడ్జికి వీల్యాన్ అవేర్ టిక్కు పెట్టండి. పీఎఫ్‌సెన్స్‌కు రెండు వర్చువల్ కార్డులు ఇచ్చి, వ్యాన్‌కు (బయటి వైపు) ట్యాగ్ 10, ల్యాన్‌కు (ల్యాబ్ వైపు) ట్యాగ్ 20. తర్వాత కావాలంటే రైజర్ (కార్డు తగిలించే అడాప్టరు) వేసి నాలుగు పోర్టుల ఐ350 ల్యాన్ కార్డు పెట్టుకోవచ్చు, కాకపోతే అప్పుడు రెండున్నర అంగుళాల డిస్కుకు చోటుండదు. ఇంట్లోవాళ్ల ఇంటర్నెట్‌ను మాత్రం ఈ పీఎఫ్‌సెన్స్ వెనక పెట్టకండి. సాయంత్రం సీరియల్ టైములో మీరు రీబూట్ కొడితే ల్యాబ్‌కి అదే ఆఖరి రోజు.

ఎక్కువ ట్రాఫిక్ పోతుండగా నెట్‌వర్క్ ఉన్నట్టుండి పడిపోయి, లాగ్‌లో 'హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్' అని కనిపిస్తే పెట్టె పాడైందనుకోకండి. ఇంటెల్ ఐ219 చిప్పుకి, ఈ1000ఈ డ్రైవర్‌కి ఉన్న పాత పేచీ అది. ఈథ్‌టూల్ కమాండుతో టీఎస్ఓ, జీఎస్ఓ అనే ఆఫ్‌లోడ్ సెట్టింగులు ఆపేస్తే సాధారణంగా సర్దుకుంటుంది.

కోట_జంక్షన్:
ఈవీఈ-ఎన్‌జీ వీఎంకు సీపీయూ టైపు 'హోస్ట్' పెట్టడం మరవకు, లేకపోతే లోపలి రూటర్లు స్టార్టే కావు. విండోస్ ఇన్‌స్టాల్‌లో డిస్కు కనిపించకపోతే విర్ట్ఐఓ డ్రైవర్ల ఐఎస్ఓ రెండో సీడీగా తగిలించు.

కరెంటు సంగతి: ఇన్వర్టర్‌కు యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే అందులో ఉంచు. మామూలు మోడ్‌లో కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునేలోపు పీసీ రీబూట్ అయిపోవచ్చు. అప్పటికీ రీబూట్లు ఆగకపోతే మధ్యలో 600 వీఏ యూపీఎస్ ఒకటి. తిత్లీ తుపాను నాటిలా రోజుల తరబడి కరెంటు పోతే ఏ యూపీఎస్సూ ఆదుకోదు. తుపాను కబురు రాగానే వీఎంలు షట్‌డౌన్ చేసి ప్లగ్గు పీకేయడమే. బయోస్‌లో కరెంటు వచ్చాక పవర్ ఆన్ అయ్యేలా పెట్టుకో. ప్రాక్స్‌మాక్స్‌లో స్టార్ట్ ఆర్డర్ ముందు పీఎఫ్‌సెన్స్, 60 సెకన్లు ఆగి డొమైన్ కంట్రోలర్, ఆ తర్వాతే మిగతావి.