ఏసీ కండెన్సర్ మార్చాలంటున్నారు, దాంతోపాటు ఇంకేం చేయించాలి?

బెజవాడ_బండి:
అన్నలూ, పోయిన ఎండాకాలం కారు ఏసీకి గ్యాస్ నింపించాం. ఈసారి మార్చి రాకముందే చల్లదనం పోయింది. రోడ్డు మీద పరిగెడుతుంటే పర్వాలేదు, సిగ్నల్ దగ్గర ఆగితే వేడిగాలే. ఆటోనగర్‌లో చూపిస్తే కండెన్సర్ లీకు, మార్చేద్దాం అన్నారు. నాన్నగారికి ఎండ అస్సలు పడదు, త్వరగా తేల్చుకోవాలి.

గోదారి_గట్టు:
తొందరపడకు తమ్ముడూ. ఆగినప్పుడే వేడిగాలి వస్తోందంటే ముందు ఫ్యాన్ చూడు. ఏసీ వేసి, బోనెట్ ఎత్తి, కండెన్సర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో గమనించు. కండెన్సర్ అంటే బండి ముందు భాగంలో గ్యాస్ వేడిని బయటికి వదిలే జాలీ, దానికి గాలి ఆడాలి. బండి పరుగులో ఉంటే ఎదురుగాలే ఆ ఫ్యాన్ పని చేసిపెడుతుంది. గ్యాస్ తగ్గినా ఇలాగే ఉంటుంది కాబట్టి రెండూ చూడాల్సిందే. లీకు ఎక్కడో కళ్ళారా చూపించమను. గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా కాస్త బయటికొస్తుంది, దానికి దుమ్ము పట్టి నల్లటి జిడ్డు మరక కడుతుంది.

ఏసీ_మిస్త్రీ_వరంగల్:
మరక కనబడకపోతే నైట్రోజన్ నింపి సబ్బు నురగ పెడితే బుడగలొస్తాయి. లీకు కండెన్సర్‌లోనే అని తేలితే మాత్రం పని సగం సగం చేయించొద్దు. డ్రయర్, అంటే గ్యాస్‌లోని తేమను పీల్చే భాగం, కొత్తది పడాలి. చాలా బండ్లలో అది కండెన్సర్ పక్క గొట్టంలోనే ఉంటుంది, కొన్నింటిలో విడిగా. లైను విప్పాక గాలిలో తేమను పీల్చేసుకుంటుంది, ఆ తర్వాత పనికిరాదు. పైపుల దగ్గర ఓ-రింగులు (లీకు ఆపే రబ్బరు వలయాలు) కొత్తవి వేసి, వేసేముందు కంప్రెసర్ (గ్యాస్‌ను నొక్కి తిప్పే పంపు) ఆయిల్ రాయాలి. పాత కండెన్సర్‌లో ఉండిపోయిన ఆయిల్‌కి బదులు కంపెనీ చెప్పిన కొలతలో కొత్తది పోయాలి. హైబ్రిడ్ బండి అయితే దాని ఆయిల్ వేరు, అడిగి మరీ పోయించండి.

అన్నిటికంటే ముఖ్యం వ్యాక్యూమ్, అంటే గ్యాస్ నింపేముందు లోపలి గాలినీ తేమనూ పంపుతో లాగేయడం. అరగంటకు తగ్గకుండా లాగి, పంపు ఆపి, గేజ్ ముల్లు కదలకుండా నిలబడుతుందో చూడాలి. లోపల తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్ చల్లబడే సన్నటి దారి) దగ్గర మంచు కట్టి చల్లదనం వచ్చిపోతూ ఉంటుంది, ఆసిడ్ తయారై కంప్రెసర్‌నీ తినేస్తుంది. చాలామంది ఐదు నిమిషాల్లో ముగించేసేది ఇక్కడే.

సాగరతీరం_విశాఖ:
మా వైపు ఉప్పుగాలికి కండెన్సర్ గొట్టాల మధ్య ఉండే సన్నటి రేకు రెక్కలు చిట్లి పొడిపొడిగా రాలిపోతాయి. నీళ్ళ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోయి గాలి ఆడదు, అదీ చూసుకోవాలి. అల్యూమినియం వెల్డింగ్ చేయిస్తే సరిపోదా మిస్త్రీ గారూ? కొత్తది కొనే స్తోమత అందరికీ ఉండదు కదా.

ఏసీ_మిస్త్రీ_వరంగల్:
పైపు జాయింటు దగ్గరైతే చేయొచ్చండీ. మధ్యలోని సన్నటి గొట్టాలకు నమ్మకం లేదు, హై ప్రెషర్ వైపు కదా, పక్కన మళ్ళీ ఊడుతుంది. ఒకవేళ కంప్రెసర్ అరిగి లోహపు రజను లోపలికి వెళ్ళి ఉంటే, ఆ సన్నటి దారుల్లోంచి దాన్ని కడిగి తీయడం కుదరదు, మార్చడమే. విప్పిన పైపులో ఆయిల్ నల్లగా, మెరుపు తునకలతో ఉందేమో వేలికి రాసి చూడండి.

బెజవాడ_బండి:
ఫ్యాన్ బాగానే తిరుగుతోంది అన్నా. బంపర్ విప్పితే కింది మూల నల్లటి మరక ఉంది, రాయి తగిలిన గుంట కూడా. కండెన్సర్ డ్రయర్‌తో కలిపే వస్తుందట. ఆయిల్ శుభ్రంగానే ఉంది. గ్యాస్ ఎంత పట్టించాలి?

గోదారి_గట్టు:
బోనెట్ కింద స్టిక్కర్ మీద 134ఏ లాంటి గ్యాస్ పేరూ, ఎన్ని గ్రాములనీ ఉంటుంది. మిషన్ మీద తూకం వేసి అంతే పట్టించు. ఎక్కువైనా చల్లదనం తగ్గుతుంది, కంప్రెసర్ మీద భారం పడుతుంది. గేజ్ చూసి అందాజాగా కొట్టేస్తానంటే ఒప్పుకోకు.