సిగ్నల్ దగ్గర చేయి చాపితే మీరేం చేస్తారు?

హైదరాబాద్‌కి కొత్త. పంజాగుట్ట సిగ్నల్‌లో పసిపాపని ఎత్తుకుని ఒకామె బండి అద్దం తడుతుంది. ఇస్తే వెనక ముఠా ఉందంటారు, ఇవ్వకపోతే మనసు ఒప్పదు. మీరైతే?

రిప్లై 1: పిల్లలుంటే డబ్బులివ్వను, 1098కి ఫోన్ చేస్తాను. అది చైల్డ్ హెల్ప్‌లైన్, ఫ్రీ. ఏ సిగ్నల్, ఎటు వైపు అన్నది సరిగ్గా చెప్పండి, లేకపోతే వాళ్లొచ్చేసరికి అక్కడ ఎవరూ ఉండరు.

రిప్లై 2: అందరి వెనకా ముఠా ఉండదండీ, ఆ మాట మనకి సౌకర్యంగా ఉంటుందంతే. 2017లో ఇవాంకా ట్రంప్ వస్తోందని సిటీలో అడుక్కోవడమే నిషేధించి, దొరికినవాళ్లని చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆశ్రమానికి తరలించారు. ఇప్పుడు చూడండి, సిగ్నళ్లు మళ్లీ ఎప్పటిలాగే ఉన్నాయి. 2021లో సుప్రీంకోర్టు కూడా పేదరికం వల్లే అడుక్కుంటారు, వీధుల్లోంచి తీసేయమని ఆర్డర్ ఇవ్వలేం అంది.

రిప్లై 3: ముసలివాళ్లకైతే ఆలోచించకుండా ఇచ్చేస్తాను. దగ్గర్లో 5 రూపాయల భోజనం కౌంటర్ ఉంటే మధ్యాహ్నం అక్కడ తినిపించొచ్చు. దిక్కులేని పెద్దవాళ్లు కనిపిస్తే 14567కి చెప్పండి, అది వృద్ధుల హెల్ప్‌లైన్.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, రెండు నంబర్లూ సేవ్ చేసుకున్నా. మరి బిర్యానీ ప్యాకెట్ ఇస్తే వద్దని డబ్బే అడిగితే?

రిప్లై 2: అద్దె బిర్యానీతో కట్టలేరు కదా.