రోజ్ బౌల్ పట్టికలో 1918, 1919 ఆటలను ఎలా చూపాలి?

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ పోటీ అయిన రోజ్ బౌల్ విజేతల పట్టిక తయారవుతోంది, సలహా కావాలి. 1902 జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడీనాలో మిషిగన్ 49-0తో స్టాన్‌ఫర్డ్‌ను ఓడించిన ఆట నిజానికి 1901 సీజన్‌ది. సీజన్ ఏడాది వేస్తే వరుసంతా ఒక ఏడాది వెనక్కి జరుగుతుంది కాబట్టి ఆట తేదీనే వేశాం. మళ్లీ ఆడింది 1916లోనే, అందుకని దానికి రెండో నంబరు. పెర్ల్ హార్బర్ దాడి తర్వాత 1942 ఆట నార్త్ కరోలినాలోని డర్హమ్‌కు మారింది. వేదికకు వేరే గడి తప్పదు.

అసలు చిక్కు 1918, 1919లది. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ఆ రెండేళ్లూ కాలేజీలకు బదులు సైనిక జట్లు ఆడాయి. 1919లో గ్రేట్ లేక్స్ నేవీ 17-0తో మేర్ ఐలాండ్ మెరీన్స్‌పై గెలిచింది. తీసేస్తే ఆటల సంఖ్య తప్పుతుంది, ఉంచితే కాలేజీల గెలుపుల మొత్తం సరిపోదు. వరుస సంఖ్య ఇచ్చి, మొత్తంలో మాత్రం కలపకుండా వదిలేయవచ్చా? ఇలాంటి పట్టికలు చేసినవాళ్లు దయచేసి చెప్పండి.