అవగాహన సదస్సుల్లో జాగ్రత్తలన్నీ ఆడపిల్లలకేనా? మగపిల్లల్ని ఎందుకు కూర్చోబెట్టరు?

మిర్యాలగూడ లెక్చరర్:
మొన్న మా కాలేజీలో ఆడపిల్లల భద్రత మీద అవగాహన సదస్సు పెట్టారు. ఫస్టియర్, సెకండియర్ అందరినీ చెట్ల కింద కూర్చోబెట్టాం, తీరా మాట్లాడటానికి వచ్చినాయన "మగపిల్లలు ఎందుకమ్మా, వాళ్లను గ్రౌండ్‌కు పంపేయండి" అన్నాడు. వాళ్లు బ్యాట్లు పట్టుకుని పోయారు. మిగిలిన ఆడపిల్లలకు గంటసేపు చున్నీ గురించి, ఫోన్ గురించి, ఇన్‌స్టాలో ఫొటోలు పెట్టడం గురించి, చీకటి పడకముందే ఇల్లు చేరడం గురించి చెప్పారు. చివర్లో డౌట్లు ఉంటే అడగమంటే సెకండియర్ పిల్ల ఒకతి లేచి, "సార్, బస్సులో ఒకాయన రోజూ నా వెనకాలే నిలబడి తాకుతుండు, నేను చున్నీకి పిన్ను పెట్టుకునే వస్తా, ఏం చెయ్యాలె" అని అడిగింది. ఆ ధైర్యం చూసి నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయన ఇచ్చిన జవాబు: "ముందు సీట్లో కూర్చోమ్మా, లేకపోతే ఇంకో బస్సు చూసుకో." ఆ పిల్ల ఎక్కే పల్లెవెలుగులో పొద్దున పూట నిలబడటానికే చోటుండదు, అది తప్పితే మళ్లీ బస్సు ఫస్ట్ పీరియడ్ అయిపోయాకే. మధ్యాహ్నం లంచ్ కల్లా కాలేజీ అంతా ఆ పిల్ల మీదే గుసగుసలు, "ఈమె కూడా ఏదో ఒకటి చేసే ఉంటది" అని. ఆ మాట అన్నది పక్కన కూర్చున్న ఆడపిల్లలే.

జాగ్రత్తలు చెప్పొద్దని నేను అనడం లేదు. కానీ జాగ్రత్తల చిట్టా ఎప్పుడూ ఆడపిల్ల చేతిలోనే పెడితే, రేపు ఏదైనా జరిగినప్పుడు ఊరు ఆ చిట్టానే బయటికి తీసి ఆమెనే పరీక్ష చేస్తుంది. వచ్చే నెల మళ్లీ ఒక సదస్సు ఉంది. మగపిల్లలు కూర్చుంటేనే పెట్టండి అని ప్రిన్సిపాల్‌తో గట్టిగా అనాలని ఉంది. మీరేమంటారు?

దేవరకొండ నాన్న:
మేడం, ఆయన ఆ పిల్లకు ఇచ్చిన జవాబు తప్పే, ఒప్పుకుంటా. కానీ జాగ్రత్తలు చెప్పడమే తప్పన్నట్టు మాట్లాడితే మాలాంటి తండ్రులం ఏమైపోవాలి? నాకు ఇద్దరు బిడ్డలు, పెద్దది హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటోంది, రాత్రి ఫోన్ ఎత్తేదాకా నాకు అన్నం దిగదు. చెడ్డవాడిని మార్చడం నా చేతిలో లేదు, నా బిడ్డకు చెప్పుకోవడం నా చేతిలో ఉంది. హాజీపూర్ గుర్తుందా? మన పాత నల్లగొండ జిల్లానే, బొమ్మలరామారం మండలం. 2019 ఏప్రిల్‌లో బడి నుంచి వస్తున్న పిల్లను ఒకడు లిఫ్ట్ ఇస్తానని బండెక్కించుకుని చంపేశాడు, తర్వాత పోలీసులు ఇంకా వెతికితే మరో ఇద్దరు ఆడపిల్లల సంగతి కూడా పాడుబడ్డ బావుల దగ్గరే తేలింది. బండెక్కొద్దని ముందే గట్టిగా చెప్పేవాళ్లు ఉంటే? ఇట్లా అడిగితే నేను ఆ బిడ్డను తప్పుపట్టినట్టేనా?

మిర్యాలగూడ లెక్చరర్:
అన్నా, మీరు తప్పుపట్టారని నేను అనను. కానీ హాజీపూర్ పేరు ఎత్తారు కాబట్టి చెబుతున్నా. ఆ ఊరికి అప్పట్లో సరైన బస్సే లేదు. నడుచుకుంటూ పోవాలి, లేకపోతే అటు పోయే వాళ్ల బండి ఎక్కాలి. ఊరోళ్లు తర్వాత ఆందోళనకు కూర్చున్నప్పుడు అడిగిన వాటిలో బస్సు, వాగు మీద వంతెన కూడా ఉన్నాయి. ఎండాకాలం ఏప్రిల్‌లో పుస్తకాల సంచి మోసుకుంటూ నడిచే పిల్లను ఎవరో తెలియనివాడు ఎక్కించుకోలేదు, ఎక్కించుకున్నది అదే ఊరివాడు. మనం పిల్లలకు చెప్పేదేమో "తెలియనివాళ్లతో జాగ్రత్త" అని. 2021లో దేశం మొత్తం మీద 31,677 అత్యాచార కేసులు నమోదైతే, వాటిలో 96 శాతానికి పైగా చేసినవాడు బాధితురాలికి తెలిసినవాడేనని జాతీయ నేర గణాంకాలే చెబుతున్నాయి. చుట్టం, పక్కింటివాడు, స్నేహితుడు, పనిచేసే చోటివాడు. వీళ్లలో ఎవరి నుంచి చున్నీ కాపాడుతుంది?

ఇంకో సంగతి, రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. ఆ ముగ్గురిలో ఒక అమ్మాయి కనిపించకుండా పోతే, ఎవరితోనో వెళ్లిపోయి ఉంటుందనుకుని ఇంట్లోవాళ్లు కేసు పెట్టలేదని అప్పట్లో పేపర్లలో వచ్చింది. ఆ తల్లిదండ్రులను నేను ఒక్క మాట కూడా అనను. ఆడపిల్ల కనబడకపోతే మన ఊళ్లలో మొదట వచ్చే మాట "లేచిపోయింది". ఆ మాటకు జడిసి ఏ ఇల్లయినా స్టేషన్ గడప తొక్కకపోతే, తప్పు చేసినవాడికి అంతకంటే ఏం కావాలి?

నల్లగొండ అడ్వకేట్:
లెక్చరర్ గారు చెప్పిన గుసగుసలు కాలేజీలోనే ఆగవు, కోర్టు హాలు దాకా వస్తాయి, నేను రోజూ వింటాను. "రాత్రి ఆ టైంకు ఎందుకు పోయావు", "ఎందుకు అరవలేదు", "మూడు రోజుల దాకా ఇంట్లో ఎందుకు చెప్పలేదు". భయంతో నోరు పెగలకపోవడం, కాలూ చెయ్యీ కదలకపోవడం మనిషికి సహజమని ఎవరూ గుర్తుపెట్టుకోరు. ఆలస్యంగా ఫిర్యాదు చేసినంత మాత్రాన అనుమానించొద్దని, పరువు గురించి ఇంట్లోవాళ్లు ఆలోచించుకోవడానికే రోజులు పడతాయని సుప్రీంకోర్టు 1996లోనే గుర్మీత్ సింగ్ కేసులో చెప్పింది. బాధితురాలికి అంతకు ముందు ఎవరితో సంబంధం ఉందనేది ఆమె సమ్మతి ఉందా లేదా అని తేల్చేటప్పుడు లెక్కలోకి తీసుకోకూడదని 2013లో చట్టం మార్చారు. బాధితురాలికి లైంగిక సంబంధాలు అలవాటేనా అని చూడటానికి రెండు వేళ్ల పరీక్ష చేసే డాక్టరు దుష్ప్రవర్తన కింద దోషి అవుతారని 2022 అక్టోబరులో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది, అంటే అప్పటికీ ఎక్కడో చేస్తూనే ఉన్నారు.

ఇది ఈనాటిది కాదు. 1978లో హైదరాబాద్‌లో రాత్రి సినిమా చూసి భర్తతో తిరిగి వస్తున్న రమీజాబీని నల్లకుంట స్టేషన్‌కు తీసుకుపోయి పోలీసులు అత్యాచారం చేశారు, భర్తను కొట్టి చంపారు. విచారణలో పోలీసుల తరఫున చేసిన వాదన ఏమిటి? ఆమె నడవడిక మంచిది కాదని. ముక్తదర్ కమిషన్ పోలీసులదే తప్పని తేల్చింది, ఊరంతా అట్టుడికింది, చివరికి కేసు కృష్ణ దాటితే వచ్చే రాయచూరుకు మారింది, 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటికొచ్చారు. భర్త శవం సాక్షిగా ఉన్నా ఆమె గుణం గురించే మాట్లాడారు చూడండి.

పాలమూరు డిగ్రీ:
నేను డిగ్రీ ఫైనలియర్. అబ్బాయిల వైపు నుంచి కూడా ఒక మాట వినండి. మమ్మల్ని కూర్చోబెట్టినా లాభం లేదు, ఎందుకంటే కూర్చోబెట్టిన ఒకటి రెండు సార్లు మేమేదో నేరం చేసి వచ్చినట్టే మాట్లాడారు. మీకు అక్కాచెల్లెళ్లు లేరా అని మొదలుపెడతారు, మావాళ్లు ఫోన్లు తీస్తారు. ఇంకోటి, దొంగ కేసుల సంగతి ఎవరూ ఎత్తరు. మా ఊరి అబ్బాయి ఒకడు, ఆ అమ్మాయి ఇష్టపడే వెళ్లింది, ఆమెకు పదిహేడు నిండాయి, వాళ్ల నాన్న పిల్లలపై లైంగిక నేరాల చట్టం పోక్సో కింద కేసు పెట్టించాడు. అబ్బాయి చదువు మధ్యలోనే పోయింది. దీనికేమంటారు అక్కా?

నల్లగొండ అడ్వకేట్:
తమ్ముడూ, నువ్వు చెప్పినలాంటివి నిజంగా ఉన్నాయి, నా దగ్గరికే వస్తాయి. 2012 పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు ఇష్టం చెల్లదు కాబట్టి కేసు నిలబడుతుంది, దాని మీద పెద్ద చర్చే జరగాలి. కానీ ఒకసారి జాగ్రత్తగా చూడు. ఆ కేసు పెట్టింది ఎవరు? అమ్మాయా, వాళ్ల నాన్నా? చాలావాటిలో కులం అడ్డొచ్చో, పరువు పోయిందనో పెద్దవాళ్లు పెట్టేవే. ఇక్కడ కూడా అమ్మాయి మాట ఎవరూ వినలేదు. దాన్ని తెచ్చి, బస్సులో తాకుతున్నాడని చెప్పిన పిల్లది కూడా అబద్ధమే అయి ఉంటుందనడానికి వాడితే ఎట్లా?

అచ్చంపేట అంగన్‌వాడీ:
నేను ఎక్కువ చదువుకోలేదు, తప్పులుంటే మన్నించండి. ఊరి పేరు, వివరాలు మార్చి రాస్తున్నా, ఆ బిడ్డ బతకాలి. మా దిక్కు వలసలు ఎక్కువ. తల్లిదండ్రులు పుణెకో బొంబాయికో పనికి పోతారు, పిల్లలు ముసలమ్మ దగ్గర ఉంటారు. అట్లా ఉన్న పదో తరగతి పిల్లను బాబాయి వరస అయ్యే మనిషి పాడు చేశాడు. ముసలామెకు తెలిసి ఏడుస్తూ నా దగ్గరికొచ్చింది. నేను ఏం చెయ్యాలో ఆలోచించేలోపే పెద్దమనుషులు కూర్చున్నారు. రచ్చబండ మీద కాదు, ఒకరి ఇంట్లో తలుపులేసుకుని. ఆ పిల్లను మధ్యలో నిలబెట్టి అడిగారు: "వాడు పిలిస్తే నువ్వెందుకు పోయినవ్?" మంచినీళ్లు తెమ్మని పంపింది ముసలామె అని ఆ పిల్ల చెప్పింది. అయినా మళ్లీ అదే అడిగారు. జుర్మానా వేశారు, ఆ పైసల్లో కొన్ని పెద్దమనుషుల తాగుడుకు పోయినయ్, వాడు అదే వీధిలో తిరుగుతున్నాడు. పిల్లను బడి మాన్పించారు, సంబంధాలు చూస్తున్నారు. నా సెంటర్‌కు గుడ్లకు వచ్చే తల్లులు ఏమన్నారో తెలుసా? "అది మొదట్నుంచి అందరితో నవ్వుకుంటనే మాట్లాడేది." పదిహేనేళ్ల పిల్ల నవ్వకూడదా మేడం?

మా ఊరికి పోలీస్ కళాబృందం వచ్చింది, పాటలు బాగా పాడారు, ఫోన్ మోసాల మీద, తాగి బండి నడపొద్దని, బాల్య వివాహాల మీద. పాటలో కూడా "చెల్లె జాగ్రత్త" అనే ఉంది. ఆ పాట వింటూ ముందు వరుసలో కూర్చున్నది పంచాయితీ చేసిన ఆ పెద్దమనుషులే. వాళ్లకు తగిలే ఒక్క ముక్క లేదు.

నల్లగొండ అడ్వకేట్:
అమ్మా, మీరు చదువుకోలేదనకండి. వినండి, ఇంకా ఆలస్యం కాలేదు. ఇలాంటి కేసులో రాజీ అనేదే చట్టంలో లేదు. పిల్లలపై జరిగింది తెలిసీ పోలీసులకు చెప్పకపోతే అదే నేరం, ఆరు నెలల దాకా జైలు ఉంటుంది, ఆ పెద్దమనుషులకూ వర్తిస్తుంది. మీరు 1098కి ఫోన్ చేయండి, పిల్లలది. ఆడవాళ్లయితే 181, అత్యవసరమైతే 112. ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి, మా పరిధి కాదు అనకూడదు, జీరో ఎఫ్ఐఆర్ ఇప్పుడు కొత్త చట్టంలోనే రాసి ఉంది, 2024 జూలై 1 నుంచి. ఎఫ్ఐఆర్ రాయకపోతే ఆ ఉద్యోగికి ఆరు నెలలకు తక్కువ కాకుండా శిక్ష ఉంది. వాంగ్మూలం మహిళా అధికారే తీసుకోవాలి, పిల్లను స్టేషన్‌కు తిప్పకుండా ఇంటి దగ్గరే తీసుకోవచ్చు. ఏ ఆసుపత్రి అయినా, ప్రైవేటుదైనా సరే, వైద్యం ఉచితంగా చేయాలి. సఖి కేంద్రం ప్రతి జిల్లాలో ఉంది, ఉండటానికి చోటు, కౌన్సెలింగ్ అక్కడే. ఆడవాళ్లకు లాయరు ఖర్చు అక్కర్లేదు, న్యాయ సేవాధికార సంస్థ ఇస్తుంది.

న్యాయం తొందరగా అవుతుందని మాత్రం మీకు మాట ఇవ్వలేను. నల్లగొండలో 2013లో పన్నెండేళ్ల పాపపై జరిగిన ఘోరానికి ఇక్కడి పోక్సో కోర్టు ఉరిశిక్ష వేసింది 2025 ఆగస్టులో. అన్నేళ్లు ఆ ఇంటివాళ్లు కోర్టు చుట్టూ తిరిగారు. ఊరు పక్కన నిలబడితేనే అంతకాలం తిరగగలరు.

షాద్‌నగర్ నుంచి:
ఈ సదస్సులు, సెక్షన్లు దండగ. చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులను పోలీసులు కాల్చేసినట్టు నాలుగుచోట్ల చేస్తే ఒక్కడు ఆడపిల్ల వంక చూడడు.

మిర్యాలగూడ లెక్చరర్:
చటాన్‌పల్లి దగ్గర 2019 డిసెంబర్ 6న నలుగురిని కాల్చేస్తే జనం పోలీసుల మీద పూలు చల్లారు, నిజమే. అంతకు ముందు వారం ఏం జరిగిందో కూడా గుర్తు చేసుకోండి. అత్యాచారానికి, హత్యకు గురైన ఆ డాక్టరమ్మ కనబడటం లేదని ఇంట్లోవాళ్లు పోతే ఇది మా స్టేషన్ పరిధి కాదని తిప్పారు, ఎవరితోనైనా వెళ్లిపోయిందేమో అన్నారని కుటుంబమే చెప్పుకుంది, ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. చదువుకున్న అమ్మాయి, చెల్లికి కాకుండా 100కు ఫోన్ చేసి ఉంటే బాగుండేదని అప్పటి హోంమంత్రి మహమూద్ అలీ అన్నారు. తప్పు ఆమె ఫోన్‌లో వెతికాం! ఇక ఎన్‌కౌంటర్ గురించి సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో బయటికొచ్చిన నివేదికలో, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, పది మంది పోలీసుల మీద హత్య కేసు పెట్టి విచారించాలని, చనిపోయిన వాళ్లలో ముగ్గురు మైనర్లని చెప్పింది. మరి అచ్చంపేట అమ్మ చెప్పిన బాబాయిని ఎవరు కాలుస్తారు? కేసే లేదు కదా అక్కడ. తుపాకీ కంటే ముందు ఆ పిల్ల మాట నమ్మే మనిషి కావాలి.

దేవరకొండ నాన్న:
అంగన్‌వాడీ అమ్మ రాసింది చదివాక చాలాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. మా తండాల్లో కూడా ఇట్లాంటి పంచాయితీలు అయినయ్, నేను వినలేదని కాదు. ఒకటి ఒప్పుకుంటా: జరిగిన తర్వాత "ఎందుకు పోయినవ్" అని అడగకూడదు, ఎవరూ అడగకూడదు, తండ్రి అసలే అడగకూడదు. కానీ జరగకముందు నా బిడ్డకు "పొద్దుపోయాక బయట తిరగకు" అని చెప్పడం ఆపను. దాన్ని తప్పంటే మాత్రం నేను ఒప్పుకోను.

మిర్యాలగూడ లెక్చరర్:
చెప్పండన్నా, తండ్రిగా చెప్పండి. దానితోపాటు "నీకేమైనా అయితే తప్పు నీది కాదు, మొదటి ఫోన్ నాకే చెయ్" అని కూడా చెప్పండి. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామందికి ఈ రెండో మాట ఇంట్లో ఎవరూ చెప్పలేదు, ఏదైనా చెబితే చదువు మాన్పిస్తారని భయం. ఆ బస్సు పిల్ల కూడా ఇంట్లో చెప్పలేదు. నిన్న నేనే ఆమెతో కలిసి, ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసుల షీ టీమ్‌కు ఫోన్ చేశాను, బస్సు టైమూ, వాడు ఎక్కే స్టేజీ రాసుకున్నారు, మఫ్టీలో వస్తామన్నారు.

పాలమూరు డిగ్రీ:
మంచి పని చేశారు మేడం. అడ్వకేట్ అక్కా, మీరు చెప్పిన క్రాస్ ప్రశ్నలు మా హాస్టల్లో చదివి వినిపించా. నవ్వుతారనుకున్నా, నవ్వలేదు. ఒకడు మాత్రం "అయినా ఆ టైంకు ఎందుకు పోయిందిరా" అన్నాడు, దాని మీద అర్ధరాత్రి దాకా కొట్లాడుకున్నారు. మా కాలేజీలో సదస్సు పెడితే మీరు వస్తారా? అక్కాచెల్లెళ్ల లెక్చర్ కాకుండా, కేసులో అమ్మాయిని ఏమేం అడుగుతారో అదే చెప్పండి.

నల్లగొండ అడ్వకేట్:
వస్తాను. ఏదైనా రెండో శనివారం పెట్టుకోండి, కోర్టు ఉండదు. అమ్మాయిలు, అబ్బాయిలు ఒకే హాల్లో ఉండాలి, లెక్చరర్లు కూడా చివరిదాకా కూర్చోవాలి.

దేవరకొండ నాన్న:
తండ్రులను కూడా పిలవండమ్మా. వచ్చి నా ప్రశ్న నేను అక్కడ కూడా అడుగుతా.